అటక మీది శిక్షణ రైఫిల్: ముద్రలు చదివితే తెలిసే సంగతులు

మస్కి పేరు చరిత్ర గ్రంథాలకెక్కినది ఒక బండ మీది అక్షరాల వల్లనే. బంగారు గనుల ఇంజనీరు బీడన్ 1915లో ఇక్కడి కొండ దగ్గర కనుగొన్న శాసనంలో "అశోక" అన్న పేరు స్పష్టంగా కనబడినది. "దేవానాంప్రియుడు" అని శాసనాలలో చెప్పుకొన్న రాజు అశోకుడేనని అంతకు ముందు పండితులు సింహళ గ్రంథాల ఆధారంతో చెప్పుచుండిరి. దానికి రాతి మీది సాక్ష్యం మస్కిలో దొరికినది. హోసకోటె కృష్ణశాస్త్రిగారు ఆ శాసనాన్ని పరిష్కరించగా, నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ దానిని తన గ్రంథమాలలో మొదటి సంపుటంగా వెలువరించినది.

వస్తువు మీది అక్షరం ఎంత విలువైనదో ఇంత బాగా తెలిసిన ఊరు మరొకటి ఉండదేమో. అందుచేత ఈ వ్యాసాన్ని ఇక్కడినుండే మొదలుపెట్టుచున్నాము. చెప్పబోయేది మాత్రం శాసనం గురించి కాదు, ఉక్కు మీద కొట్టిన ముద్రల గురించి. ఒకసారికి ఒక్క తూటా మాత్రమే పెట్టి కాల్చే, సైనిక శిక్షణకై తయారైన, చిన్న బోరు పాత రైఫిళ్ల గురించి.

ఎన్.సి.సి.లో చేరినవారికి ఇవి పరిచితములే. "పాయింట్ టూ టూ" అని పిలుచుకొనే ఆ రైఫిల్‌ను పట్టుకొని, నేల మీద బోర్లా పడుకొని, 25 గజాల దూరంలోని కాగితంపై అయిదు తూటాలు కాల్చి, అవి ఎంత దగ్గరగా పడినవో కొలిపించుకొన్నవారు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. బ్రిటన్, అమెరికా, కెనడా దేశాలలో ఇట్టి పాత రైఫిళ్లను సేకరించి, వాటి వంశవృక్షాలు రాసుకొనే అభిరుచి గలవారు వేలల్లో ఉన్నారు. మన దేశంలో ఆ అభిరుచికి దారి ఇరుకు. అయినను పాత దివాణాలలో, దొరల గడీలలో, తుంగభద్ర ఎడమ కాలువ వెంట క్యాంపులు వేసుకొన్న కోస్తా కుటుంబాల పెట్టెలలో ఇట్టి ఆయుధం ఎప్పుడైనా బయటపడవచ్చును. అప్పుడు అది ఏమిటో తెలియకపోతే రెండు నష్టాలు. విలువైన వస్తువు పాత ఇనుము కింద పోవచ్చును. లేదా ఇంటి పెద్ద చిక్కులలో పడవచ్చును. రెండవదే పెద్దది.

మొదట తూటా సంగతి చూద్దాము. సైనికుల రైఫిల్ తూటాకు అడుగున, సరిగ్గా నడిమధ్య, చిన్న గుండీవంటిది ఉంటుంది. తుపాకి లోపలి సూది దానిని కొట్టగానే మందు అంటుకొంటుంది. చిన్న బోరు తూటాలో ఆ గుండీ ఉండదు. పేలే పదార్థాన్ని తూటా అడుగు అంచులోని సన్నని మడతలోనే నింపుతారు. సూది ఆ అంచును నలిపితే చాలును. అంచు నుండి పేలుతుంది గనుక దీనికి రిమ్‌ఫైర్ అని పేరు. 1845 ప్రాంతంలో ఫ్రాన్సు దేశస్థుడు ఫ్లోబేర్ ఇట్టి చిన్న తూటాను తయారుచేసినాడు. 1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ దానిని అభివృద్ధిపరచినది. నేటికీ ప్రపంచమంతటా వాడే "లాంగ్ రైఫిల్" రకం 1887లో వచ్చినది. అంచు నలిగేందుకు వీలుగా ఇత్తడి రేకు పలుచగా ఉండవలెను. పలుచని రేకు ఎక్కువ ఒత్తిడికి ఆగదు. కనుకనే ఇది ఎప్పటికీ చిన్న తూటాగానే మిగిలినది. ఒకసారి కాల్చిన డొల్ల మరల పనికిరాదు. అయితే చవక, చప్పుడు తక్కువ, భుజానికి తగిలే దెబ్బ దాదాపు లేదు.

సైన్యాలకు కావలసినది సరిగ్గా అదియే. 1899 నుండి 1902 వరకు దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో, పొలం పనులు చేసుకొనే బోయర్ రైతుల గురి ముందు బ్రిటిష్ సైనికుల గురి వెలవెలపోయినది. ఆ అనుభవంతో లార్డ్ రాబర్ట్స్ వంటి సేనాపతులు ఊరూరా చిన్న బోరు రైఫిల్ క్లబ్బులు పెట్టవలెనని ప్రచారం చేసినారు. పెద్ద రైఫిల్‌తో సాధన చేయించవలెనంటే మైళ్ల కొద్దీ ఖాళీ స్థలం కావలెను. తూటాల ఖర్చు భారమగును. చిన్న బోరుకు ఒక గోడ, ఒక మట్టికట్ట చాలును.

తొలుత మోరిస్ అనే ఆయన పెద్ద రైఫిల్ గొట్టంలోకి దూర్చే సన్నని గొట్టాన్ని రూపొందించినాడు. తరువాత సైన్యమే పాత త్రీనాట్‌త్రీ రైఫిళ్లను మార్పించి శిక్షణకు వాడసాగినది. గొట్టాన్ని తొలిచి లోపల సన్నని మరచుట్ల గొట్టం బిగించేవారు, లేదా గొట్టాన్నే మార్చేవారు. సూది నడుమ గాక అంచును కొట్టునట్లు బోల్టు తలను కూడ మార్చేవారు. తూటాలు నింపే పెట్టెలోని స్ప్రింగును, పలకను తీసివేసేవారు. కాల్చిన తరువాత ఖాళీ డొల్లలు ఆ ఖాళీ పెట్టెలోనే రాలిపడేవి. పొదుపరి ఆలోచన అని మా అభిప్రాయం. ఇట్లు తయారైనదే "నంబర్ 2 మార్క్ 4" అనబడే రైఫిల్. బరువు, పొడవు, చూపు అంతా త్రీనాట్‌త్రీ లాగానే ఉంటుంది. కుర్రవాడు చిన్న తూటాతో నేర్చుకొని, రేపు పెద్ద రైఫిల్ పట్టినప్పుడు చేతికి తేడా తెలియకూడదనే ఉద్దేశం. ఈ పోలికే నేటి చిక్కుకు మూలం. ఆ సంగతి కొంత తరువాత.

ఇతర దేశాలూ ఇదే దారి పట్టినవి. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత వెర్సాయ్ సంధి జర్మనీ సైన్యాన్ని లక్ష మందికి పరిమితం చేసినది. 1930లలో అక్కడ మౌజర్ సైనిక రైఫిల్‌ను అచ్చముగా పోలిన ఒంటి తూటా చిన్న బోరు రైఫిళ్లు, "క్రీడా నమూనా" అన్న పేరుతో, పెద్ద సంఖ్యలో తయారైనవి. పేరుకు క్రీడ, పనికి సైనిక శిక్షణ. సోవియట్ రష్యాలో తూలా కర్మాగారం 1930లలో "టోజ్ 8" ను చేసినది. బ్రిటన్‌లో 1950ల నాటి "నంబర్ 8" రైఫిల్ పాఠశాల క్యాడెట్ల చేతిలో అరవై ఏండ్లకు పైగా నిలిచినది.

మన దేశంలో ఎన్.సి.సి. 1948లో చట్టబద్ధంగా ఏర్పడినది. మరుసటి ఏటనే బాలికల విభాగం వచ్చినది. రాయచూరు అప్పటికి ఇంకను హైదరాబాదు సంస్థానంలో భాగము. ఆ సెప్టెంబరులో పోలీసు చర్య జరిగినది. 1956 నవంబరు 1న జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసినది. చైనా యుద్ధం తరువాత 1963లో కళాశాల విద్యార్థులకు ఎన్.సి.సి. తప్పనిసరి అయి, 1968లో మరల ఐచ్ఛికమైనది. ఆ అయిదేండ్లలో చదువుకొన్నవారు నేడు డెబ్బది, ఎనుబది ఏండ్ల పెద్దలు. వారిని కదిలించి చూడండి, పాయింట్ టూ టూ కథ ఒకటి తప్పక వినిపిస్తారు.

ఇక్కడ ఒక చిన్న దిద్దుబాటు అవసరం. ఎన్.సి.సి. పరీక్షల కోసం పిల్లలు బట్టీపట్టే నోట్సులలో ఈ రైఫిల్ తూటా వేగం సెకనుకు 2700 అడుగులు అని తరచుగా కనబడుతుంది. అది చిన్న బోరు తూటాకు సాధ్యమయ్యే వేగం కాదు. మామూలు పాయింట్ 22 లాంగ్ రైఫిల్ తూటా వేగం సెకనుకు సుమారు 1100 అడుగులు మాత్రమే. 2700 అన్నది ఏ పెద్ద రైఫిల్ పట్టికనుండియో దిగుమతి అయిన అంకె అయి ఉండవలెను. పరీక్షలో ఏది రాయవలెనో గురువులనే అడగండి. వేగం తక్కువ గదా అని దీనిని ఆటవస్తువు అనుకొనరాదు. 25 గజాల సాధనకు వాడే ఈ తూటా గాలిలోకి వదిలితే మైలుకు పైగా పోయి మనిషిని గాయపరచగలదు, చంపగలదు.

ఇక ముద్రల సంగతి. ఈ రకపు రైఫిల్‌లో బోల్టు పిడికి కింద, కర్ర భాగం మొదలయ్యే చోట, ఒక ఇనుప పట్టీ ఉంటుంది. దాని కుడివైపున చూడవలెను. పైన కిరీటం, దాని కింద "జి.ఆర్." అక్షరాలు ఉంటే అది ఇంగ్లండు రాజు జార్జి కాలపు వస్తువు. ఆ కిందనే కర్మాగారం పేరు, సంవత్సరం ఉంటాయి. ఎన్‌ఫీల్డ్ అన్నది ప్రభుత్వ కర్మాగారం. బి.ఎస్.ఎ. అన్నది బర్మింగ్‌హామ్‌లో 1861లో ఏర్పడిన కంపెనీ. ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన మూడు తుపాకుల బొమ్మ ఆ కంపెనీ వాణిజ్య చిహ్నం. ఇషాపూర్ అని ఉంటే అది కలకత్తా దగ్గరి మన ప్రభుత్వ రైఫిల్ కర్మాగారం. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఇషాపూర్ వారు కిరీటాన్ని తీసివేసి దాని స్థానంలో అశోకుని సింహాలను కొట్టసాగినారు. యుద్ధం వద్దనుకొన్న రాజు చిహ్నం తుపాకి మీదికి ఎక్కిన వైచిత్రిని మస్కి వాసులకంటె ఎవరు బాగుగా గ్రహించగలరు!

సేకర్తలకు ఈ అక్షరాలే ప్రాణం. ఒకే రైఫిల్ మీద రెండు సంవత్సరాలు ఉండవచ్చును. మొదటిది త్రీనాట్‌త్రీగా పుట్టిన ఏడు, రెండవది శిక్షణ రైఫిల్‌గా మారిన ఏడు. ఫ్రాన్సు కందకాలలో పోరాడి, గొట్టం అరిగి, తరువాత పిల్లలకు గురి నేర్పిన రైఫిల్ అని ఆ ముద్రలను బట్టి ఊహించే వీలుంటుంది. "డి.పి." అని ఉంటే కవాతుకే తప్ప కాల్చుటకు పనికిరాదని అర్థం. పాయింట్ 22 అన్న ముద్ర ఉన్నదా అన్నది అన్నిటికంటె ముఖ్యం. బోల్టు మీది సంఖ్య, గొట్టం మీది సంఖ్య ఒకటైతే సేకర్త దృష్టిలో విలువ పెరుగుతుంది. పైపూత మెరుస్తున్నదా అన్నది వారు చివర చూస్తారు. ఉప్పుకాగితంతో రుద్ది, వార్నిషు పూసి కొత్తగా చేసిన పాత రైఫిల్‌కు వారి దగ్గర విలువ లేదు.

రుద్దడంలో అంతకంటె పెద్ద ప్రమాదం మరొకటి ఉన్నది. 1959 ఆయుధ చట్టంలోని 8వ సెక్షను ప్రకారం తుపాకి గుర్తింపు ముద్రను చెరపడం, మార్చడం నేరం. ముద్ర చెరిగిన తుపాకి ఎవరి దగ్గర దొరికితే వారే చెరిపినట్లు, కాదని రుజువు చేసుకొనే వరకు, చట్టం భావిస్తుంది. తుప్పు వదిలిద్దామని కొడుకు పూనుకొన్న పని తండ్రి మెడకు చుట్టుకొనవచ్చును.

పైన చెప్పిన పోలికను గురించి ఇప్పుడు చెప్పవలెను. త్రీనాట్‌త్రీ మన దేశంలో నిషేధిత బోరు. జిల్లా అధికారి ఇచ్చే మామూలు లైసెన్సుతో దానిని ఉంచుకొనరాదు. పాయింట్ 22 రిమ్‌ఫైర్ అట్లు కాదు, లైసెన్సు పొందగలిగిన రకం. పైకి రెండూ ఒకే తీరుగా కనబడినా శిక్షలో తేడా చాలా పెద్దది. 2019 సవరణ తరువాత లైసెన్సు లేకుండ మామూలు తుపాకి ఉంచుకొంటే రెండేండ్ల నుండి అయిదేండ్ల వరకు, నిషేధిత ఆయుధమైతే ఏడేండ్ల నుండి పద్నాలుగేండ్ల వరకు జైలు. కనుక ఇంటిలో దొరికినది ఏదో మీరే తేల్చుకొనవద్దు. గొట్టం మూతిలోకి కన్నుపెట్టి చూడరాదు, బోల్టు లాగి పరీక్షించరాదు. ముద్రలను దూరం నుండి చూసి రాసుకోండి. మిగిలినది తెలిసినవారు తేలుస్తారు.

"ఇది వంద ఏండ్ల నాటిది, తుప్పు పట్టినది, దీనికి లైసెన్సు ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. 45వ సెక్షనులో మినహాయింపు ఉన్న మాట నిజమే. కాలం చెల్లిన రకం, పురాతన విలువ కలది, పాడైపోయినది అయిన ఆయుధానికి అది వర్తిస్తుంది. అయితే దానికి షరతు ఉన్నది. మరమ్మతు చేసినను దానిని తుపాకిగా వాడుటకు వీలుపడనిదై ఉండవలెను. క్యూరియో వర్గానికి చెందిన చిన్న ఆయుధాలను ఉంచుకొనుటకు లైసెన్సు అక్కరలేదని 2020లో కేంద్ర హోం శాఖ ప్రకటించినది. వాడుటకు, తరలించుటకు మాత్రం లైసెన్సు తప్పదు. పాయింట్ 22 తూటాలు నేటికీ తయారవుచున్నవి గనుక, అటక మీది రైఫిల్ ఈ వర్గంలోకి వస్తుందని ఎవరికి వారే తీర్పు చెప్పుకొనరాదు. ఆ మాట అధికారుల నుండి రాతపూర్వకంగా రావలెను. నూరేండ్లు దాటిన వస్తువైతే 1972 నాటి పురావస్తు చట్టం కూడ వర్తించవచ్చును. అట్టి వస్తువును వ్యక్తులు విదేశాలకు పంపరాదు. అమెరికాలోని అల్లుడుగారికి పంపుదామన్న ఆలోచన విరమించుకొనుట మంచిది.

తాతగారి పేర లైసెన్సు ఉండి, తాతగారు గతించినారనుకొందాము. ఆ క్షణం నుండి ఆ తుపాకి ఇంటిలో ఉండుటకు చట్టబద్ధమైన ఆధారం పోయినట్లే. 21వ సెక్షను ప్రకారం వారసులు జాప్యం చేయక దానిని దగ్గరి పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు గల తుపాకుల వ్యాపారి వద్ద గాని అప్పగించవలెను. అప్పగించినంత మాత్రాన హక్కు పోదు. వారసుడు తన పేర లైసెన్సుకు దరఖాస్తు చేసుకొనవచ్చును. 2016 నియమావళిలో మరొక సౌకర్యం ఉన్నది. లైసెన్సుదారుకు డెబ్బది ఏండ్లు నిండినా, ఆయుధం చేతికి వచ్చి ఇరువది అయిదేండ్లు గడిచినా, బ్రతికి ఉండగానే వారసునికి మార్పించుకొనే దరఖాస్తు పెట్టవచ్చును. పెద్దల చేతి సంతకం ఉండగానే ఈ పని ముగించుకొన్న ఇండ్లు తరువాత కచేరీల చుట్టూ తిరగలేదు. 2019 సవరణతో ఒక మనిషి దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్య మూడు నుండి రెండుకు తగ్గినది. వంశపారంపర్యంగా వచ్చినవి కూడ ఆ రెండింటిలోకే లెక్క.

సరిహద్దు కుటుంబాలకు ఇందులో కొన్ని ప్రత్యేక చిక్కులున్నవి. కర్ణాటకలో లైసెన్సు ఇచ్చే జిల్లా మేజిస్ట్రేటును డి.సి. అంటారు, తుంగభద్ర దాటితే కలెక్టరు అంటారు. పేర్లు వేరు, పదవి ఒకటే. కృష్ణా జిల్లాలోనో గుంటూరులోనో పుట్టిన లైసెన్సు పెట్టుకొని సింధనూరు, మస్కి ప్రాంతాలకు వచ్చి స్థిరపడిన కుటుంబాలు చిరునామా మార్పును అధికారుల వద్ద నమోదు చేయించుకొనవలెను. ఏ ప్రాంతంలో చెల్లుతుందో లైసెన్సు మీదనే రాసి ఉంటుంది. కర్ణాటక వరకే చెల్లే లైసెన్సుతో గద్వాలలోని బంధువుల ఇంటికి తుపాకి పట్టుకొని పోరాదు. జాతీయ పట్టికలోని విశిష్ట సంఖ్య, అనగా యు.ఐ.ఎన్., లేని పాత పుస్తకపు లైసెన్సు నేడు చెల్లదు. ఎన్నికల ప్రకటన వెలువడినప్పుడు తుపాకి అప్పగించుమన్న నోటీసు వస్తే రెండు రాష్ట్రాల వారూ పాటించవలసినదే. "కొడగువారికి లైసెన్సే అక్కరలేదట గదా" అని కొందరంటారు. ఆ మినహాయింపు కొడవ జాతివారికి, అక్కడి జమ్మా భూముల హక్కుదారులకు మాత్రమే. రాయచూరు జిల్లాకు దానితో సంబంధం లేదు.

మరి చట్టానికి లోబడి ఈ అభిరుచిని తీర్చుకొనే దారి లేదా? ఉన్నది. చూచే ఆసక్తి గలవారికి హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ఉన్నది. కాల్చే ఆసక్తి గల పిల్లలకు గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బులున్నవి. 1959 చట్టం రైఫిల్ క్లబ్బు సభ్యుల సాధనకై పేరెత్తి చెప్పిన తుపాకి పాయింట్ 22 రైఫిలే, దానితోపాటు గాలి తుపాకి. 2019లో ఆ పరిమితిని ఎత్తివేసినారు. ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ పోటీ నేటికీ పాయింట్ 22 రిమ్‌ఫైర్ తూటాతోనే, ఒక్కొక్క తూటా పెట్టుకొనియే జరుగుతుంది. 2024లో ప్యారిస్‌లో ఆ పోటీలో కాంస్యం గెలిచిన స్వప్నిల్ కుసాలె మన వంటి సరిహద్దు జిల్లావాడే, కొల్హాపూరు వాడు. సేకరించే ఆసక్తి గలవారు ముద్రల ఛాయాచిత్రాలు, పాత ఎన్.సి.సి. కరపత్రాలు, గురి కాగితాలు, పెద్దల జ్ఞాపకాలు సేకరించవచ్చును. వాటికి ఏ లైసెన్సూ అక్కరలేదు. మన ప్రాంతంలో ఆ పని ఇంతవరకు ఎవరూ పూనుకొన్నట్లు మాకు కనబడలేదు.

ఇంటిలో పాత రైఫిల్ దొరికినవారు దానిని సంచిలో చుట్టి బస్సులో పట్టుకొని పోవద్దు. ఉన్నచోటనే ఉంచి, పిల్లలను దూరంగా పెట్టి, ఊరి పెద్ద ఒకరిని సాక్షిగా తీసుకొని స్టేషనుకు కబురు చేయండి. పెట్టెలో తూటాలు కూడ ఉంటే ఆ మాటా చెప్పండి. తూటాలకు కూడ లైసెన్సు కావలెను. పాత లైసెన్సు పుస్తకం, మరణ ధ్రువపత్రం దొరికితే వాటి నకళ్లు దగ్గర ఉంచుకోండి. అప్పగించేటప్పుడు "ఒక పాత తుపాకి" అని రాసిన రసీదును ఒప్పుకొనవద్దు. కర్మాగారం పేరు, సంవత్సరం, బోరు, బోల్టు మీది సంఖ్య, గొట్టం మీది సంఖ్య అన్నీ రసీదులో రాయించండి. రేపు లైసెన్సు వచ్చి వెనుకకు తీసుకొనబోయినప్పుడు, అది మీ తాతగారిదేనని చెప్పగలిగినవి ఆ అక్షరాలే.